అడ్వాన్సులోంచి ఏది కట్ చేయవచ్చు: కొండాపూర్ ఫ్లాటు కేస్ స్టడీ

హైదరాబాద్ కొండాపూర్‌లో ఎనిమిదేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంటు. అందులో ఒక డబుల్ బెడ్రూం ఫ్లాటు. చివరి ఏడాది అద్దె నెలకు రూ. 28,000, మెయింటెనెన్సు రూ. 3,500 వేరే. అద్దె పెరిగినప్పుడల్లా తేడా కలుపుతూ వచ్చారు కాబట్టి ఓనరు దగ్గర ఉన్న అడ్వాన్సు సరిగ్గా రెండు నెలల అద్దె, రూ. 56,000. పదకొండు నెలల అగ్రిమెంటును రెండుసార్లు పొడిగించుకుని, 33 నెలలు ఉండి, భార్యాభర్తలు, ఐదేళ్ల పిల్లవాడు ఉన్న కుటుంబం ఖాళీ చేసింది. తాళాలు ఇచ్చిన మూడు వారాలకు ఓనరు వాట్సాప్‌లో ఒక లెక్క పంపారు. అడ్వాన్సులో పైసా రాదు, పైగా మీరే ఇంకో రూ. 22,400 కట్టాలి అన్నది దాని సారాంశం.

ఇది ఏ ఒక్క కుటుంబం కథో కాదు. నగరంలో అడ్వాన్సు తగాదాల్లో మళ్లీ మళ్లీ వచ్చే పద్దులన్నిటినీ ఒకే ఫ్లాటులోకి తెచ్చి కట్టిన నమూనా కేసు. రేట్లు, అంకెలు లెక్క చూపడానికి పెట్టుకున్నవి. చట్టం, తీర్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఓనరు పంపిన లెక్క:

పెయింటింగ్: రూ. 28,000
డీప్ క్లీనింగ్: రూ. 6,500
కొత్త గీజర్: రూ. 9,800
కిటికీల దోమల జాలీలు రెండు: రూ. 4,200
వాష్‌బేసిన్: రూ. 5,400
గోడ రంధ్రాలు: రూ. 3,000
కరెంటు బిల్లు, ఏసీడీ (కరెంటు కనెక్షన్ మీద అదనంగా అడిగే డిపాజిట్): రూ. 4,000
చివరి నెల మెయింటెనెన్సు: రూ. 3,500
నోటీసు తక్కువైనందుకు 15 రోజుల అద్దె: రూ. 14,000
మొత్తం: రూ. 78,400

ముందు తేల్చుకోవాల్సింది: ఏ చట్టం?

చాలామంది రెంట్ కంట్రోల్ చట్టం అంటారు. ఈ ఫ్లాటుకు అది వర్తించదు. ఉమ్మడి రాష్ట్రం నుంచి తెలంగాణకు వచ్చిన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం నుంచి, 2005 సవరణ తర్వాత, కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె రూ. 3,500 దాటిన ఇళ్లు బయటికి వెళ్లిపోయాయి. ఈ రోజు నగరంలో ఆ అద్దెకు ఒక గది దొరకడం కూడా కష్టం. అంటే ఆచరణలో దాదాపు ప్రతి ఫ్లాటూ ఆ చట్టం బయటే ఉంది.

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం మాటా తరచు వినిపిస్తుంది. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదని, ఇల్లు స్వాధీనం చేసుకునేటప్పుడే బాకీలు మినహాయించి మిగతాది తిరిగివ్వాలని అందులో ఉంది. కానీ అది నమూనా. రాష్ట్రం తన చట్టంగా చేసుకునేదాకా దాన్ని చూపించి డబ్బు రాబట్టడం కుదరదు. అయితే దాని రెండో షెడ్యూలు ఇక్కడ పనికొస్తుంది: ఏ మరమ్మతు ఎవరిదో అందులో పంచి రాశారు. గోడలకు సున్నం వేయడం, తలుపులు కిటికీల రంగులు, అవసరమైతే పైపులు, వైరింగు మార్చడం ఓనరువి. కొళాయిలు, వాషర్లు, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాలు, దోమల జాలీలు అద్దెదారువి. మధ్యవర్తి ముందు కూర్చున్నప్పుడు ‘న్యాయంగా ఎవరిది’ అన్న ప్రశ్నకు దాన్ని కొలబద్దగా చూపవచ్చు, అంతవరకే.

మిగిలేవి రెండు పాత చట్టాలు. ఆస్తి బదిలీ చట్టం, 1882. కాంట్రాక్టు చట్టం, 1872. ఈ కేసు మొత్తం వీటి మీదే నడుస్తుంది.

ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లోని ఎం క్లాజు ఇలా చెబుతుంది: ఇంట్లో దిగిన రోజున ఏ స్థితిలో ఉందో, వెళ్లేటప్పుడు ఆ స్థితిలోనే అప్పగించాలి. మినహాయింపు రెండిటికే: మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల, మనిషి ఆపలేని విపత్తు. అయితే 108వ సెక్షన్ మొదటి వాక్యాన్ని ఎవరూ చదవరు. వేరే ఒప్పందం గానీ, స్థానిక ఆచారం గానీ లేనప్పుడే ఈ నియమాలు అని అందులో ఉంది. అందుకే ముందు తెరవాల్సింది అగ్రిమెంటు, ఆ తర్వాతే చట్టం.

కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని ముందే రాసుకున్న మొత్తాల గురించి. రాసుకున్న అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, చేతికొచ్చేది న్యాయమైన పరిహారం. మౌలాబక్ష్ కేసులో సుప్రీంకోర్టు 1969లో దీన్ని సెక్యూరిటీ డిపాజిట్లకు అన్వయించింది. సైన్యానికి బంగాళాదుంపలు, కోళ్లు, గుడ్లు సరఫరా చేస్తానన్న కాంట్రాక్టరు చేయలేకపోయాడు. ప్రభుత్వం అతని డిపాజిట్లు రూ. 10,000, రూ. 8,500 జప్తు చేసుకుంది. నష్టాన్ని డబ్బులో లెక్కకట్టే వీలున్నప్పుడు అది రుజువు చేయాల్సిందే, చేయలేదు కాబట్టి డిపాజిట్ వెనక్కివ్వాలని కోర్టు చెప్పింది. 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో ఇదే సూత్రాన్ని మళ్లీ గట్టిగా చెప్పింది. అద్దె అడ్వాన్సు స్వభావం కూడా ఇదే: చేతిలో ఉన్నంత మాత్రాన ఓనరు సొంతమైపోదు.

ఈ రెండు చట్టాల నుంచి ప్రతి పద్దునూ మూడు ప్రశ్నలు అడగాలి. దీని గురించి అగ్రిమెంటులో ఏం రాసుకున్నారు? ఏమీ రాయకపోతే, ఇది అద్దెదారు చేతివల్లో నిర్లక్ష్యం వల్లో జరిగిందా, వాడకంలో అరిగిందా? చేతివల్లే జరిగితే, ఆ వస్తువుకు ఆ రోజున మిగిలిన విలువెంత? ఓనర్లు ఎక్కువగా తప్పేది మూడో ప్రశ్న దగ్గర. కొత్తది కొన్న ఖర్చును నష్టంగా రాస్తారు. ఎనిమిదేళ్ల పాత వస్తువు పోతే నష్టపోయింది ఎనిమిదేళ్ల పాత వస్తువునే.

పెయింటింగ్

మొత్తం లెక్కలో పెద్ద పద్దు ఇదే, ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సిందీ ఇదే.

హైదరాబాద్‌లో ‘పెయింటింగ్‌కి ఒక నెల అద్దె’ అన్నది అలవాటుగా పాతుకుపోయింది. అలవాటు కాబట్టి చెల్లుతుందని ఓనర్లు, గోడ మాసిపోవడం మామూలు అరుగుదల కాబట్టి చెల్లదని అద్దెదారులు వాదిస్తారు. ఇద్దరూ అగ్రిమెంటులోని వాక్యం చూడకుండా మాట్లాడుతున్నట్టే. ఆ వాక్యం మూడు రకాలుగా ఉంటుంది.

అసలు ఆ ఊసే లేకపోతే ఎం క్లాజు వర్తిస్తుంది. మూడేళ్లలో రంగు వెలిసిపోవడం, ఫ్యాను పైన మసి, సోఫా ఆనిన చోట మరక అరుగుదలే. కట్ చేయడానికి లేదు. పిల్లవాడు క్రేయాన్లతో నింపిన గోడ ఒక్కటే నష్టం కిందికి వస్తుంది, అదీ పాత రంగు వయసు తీసేసిన తర్వాత. ఆచారం ఉందనేవారు దాన్ని సాక్ష్యంతో నిరూపించుకోవాలి. పక్కింటివాళ్లూ ఇలాగే కోశారంటే సరిపోదు.

‘ఖాళీ చేయునపుడు ఒక నెల అద్దె పెయింటింగ్ నిమిత్తం మినహాయించబడును’ అని ఉంటే అద్దెదారు పరిస్థితి బలహీనం. ఇక్కడ 74వ సెక్షన్ గుర్తుచేసేవాళ్లు ఒకటి మరిచిపోతారు. ఆ సెక్షన్ ఒప్పందం ఉల్లంఘించినప్పటి సంగతి. ఇక్కడ ఎవరూ ఏదీ ఉల్లంఘించలేదు. గోడ ఎంత శుభ్రంగా ఉన్నా ఆ డబ్బు కడతానని ముందే ఒప్పుకున్నారు. దాన్ని అద్దెలో భాగంగా చూడాలని ఓనరు తరఫున వాదిస్తే అది తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదు. సంతకానికి ముందు బేరమాడాల్సిన వాక్యం ఇది.

మూడో రకం: ‘పెయింటింగ్‌కు అయిన వాస్తవ ఖర్చు, ఒక నెల అద్దెకు మించకుండా’. కొండాపూర్ అగ్రిమెంటులో ఉన్నది ఇదే. అంటే రూ. 28,000 హద్దు, హక్కు కాదు. బిల్లు చూపాలి. ఓనరు మొదట చూపింది పెయింటర్ ఇచ్చిన కొటేషన్. కొటేషన్ ఖర్చు కాదు. పని జరిగాక వచ్చిన బిల్లు అడిగితే రూ. 24,000కు వచ్చింది. దాన్ని పద్దులవారీగా విడగొట్టమంటే అందులో రూ. 4,500 బాల్కనీ గ్రిల్స్, మెయిన్ డోర్ ఎనామిల్ పనికి అని తేలింది. అగ్రిమెంటులో ‘ఇంటి లోపలి గోడలు’ అని స్పష్టంగా ఉంది. బయటి గ్రిల్ ఎండకూ వానకూ తుప్పు పట్టడం అద్దెదారు బాధ్యత కాదు. మిగిలిన రూ. 19,500 నిలుస్తుంది.

అరుగుదల వాదన ఇక్కడ పనిచేయదు. వాస్తవ ఖర్చు భరిస్తామని రాసిచ్చాక గోడ ఎందుకు మాసిందన్న ప్రశ్న రాదు. అద్దెదారుకు చేదుగా ఉన్నా సరైన సమాధానం ఇదే.

నోటీసు తక్కువైన పదిహేను రోజులు

రెండు నెలల నోటీసు ఇవ్వాలని అగ్రిమెంటు. కుటుంబం 45 రోజులే ఇచ్చి, నెలాఖరు 31న తాళాలు అప్పగించింది. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం నెలవారీ అద్దెకు పదిహేను రోజుల నోటీసు చాలు కదా అని అద్దెదారు అడిగారు. ఆ సెక్షన్ కూడా వేరే ఒప్పందం లేనప్పుడే. ఇక్కడ ఒప్పందం ఉంది, ఉల్లంఘన జరిగింది. ప్రశ్న పరిహారం ఎంత అన్నదే.

ఓనరు లెక్క సులువు: 15 రోజులు, రోజుకు రూ. 933 చొప్పున, రూ. 14,000. కానీ కొత్త అద్దెదారు 11వ తేదీనే ఇంట్లో దిగినట్టు అసోసియేషన్ గేటు రిజిస్టరులో కనిపించింది. 11 నుంచి 15 వరకు ఒకే ఫ్లాటుకు ఇద్దరి దగ్గర అద్దె తీసుకోవడం పరిహారం కాదు. ఇక ఇల్లు ఖాళీగా ఉన్నవి పది రోజులు. అందులో నాలుగు రోజులు పెయింటింగ్ జరిగింది. కుటుంబం పూర్తి నోటీసిచ్చి పదిహేను రోజులు ఆలస్యంగా వెళ్లినా ఆ నాలుగు రోజులూ ఖాళీ తప్పేది కాదు. కాబట్టి నోటీసు తగ్గడం వల్ల పోయింది ఆరు రోజుల అద్దె, రూ. 5,600.

ఓనరు తరఫున ఒక గట్టి వాదన ఉంది, దాన్ని దాచడం సరికాదు. నోటీసు కాలం పూర్తయ్యేదాకా అద్దె ఒప్పందం బతికే ఉంది కాబట్టి అది అద్దే, పరిహారం కాదు అనవచ్చు. అయితే తాళాలు తీసుకుని, రంగులు వేయించి, ఇంకొకరికి ఇచ్చేసిన తర్వాత పాత ఒప్పందం ఇంకా నడుస్తోందని చెప్పడం కష్టం. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ వివరణ కూడా నష్టం లెక్కకట్టేటప్పుడు, దాన్ని తగ్గించుకునే మార్గాలు ఏమున్నాయో చూడాలంటుంది. ఇల్లు వెంటనే అద్దెకివ్వడం అలాంటి మార్గమే.

గీజర్, బేసిన్, జాలీలు

గీజర్ ట్యాంకు కారిపోయింది. ప్లేటు మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ఇది అపార్ట్‌మెంటు కట్టినప్పటిది, ఎనిమిదేళ్లది. కొండాపూర్ వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ట్యాంకులో, ఎలిమెంటు మీద సున్నపు పెచ్చు కట్టి కొన్నేళ్లకు ట్యాంకు తినేస్తుంది. అద్దెదారు చేసిందేమీ లేదు. పైగా ఏడాది ముందే ‘గీజర్ కింద నీళ్లు చుక్కలు పడుతున్నాయి’ అని ఓనరుకు మెసేజ్ పెట్టారు, ‘చూద్దాం’ అని జవాబొచ్చింది. నమూనా చట్టం గీజర్ మరమ్మతు అద్దెదారుదన్నా, ఆయుష్షు తీరిన ట్యాంకు మార్చడం మరమ్మతు కాదు. ఈ పద్దు సున్నా. ఆ మెసేజ్ లేకపోతే, లీకు చెప్పకుండా వదిలేసినందుకు కింద తడిసిన ఫాల్స్ సీలింగ్ ఖర్చు అద్దెదారు మీదికి వచ్చి ఉండేది. ఇంట్లో ఏది పాడైనా అదే రోజు రాసి తెలియజేయడం అందుకే.

వాష్‌బేసిన్ మీద గాజు సీసా పడి పగిలింది, కుటుంబమే ఒప్పుకుంది. బిల్లులో మూడు భాగాలున్నాయి: బేసిన్ రూ. 3,000, ప్లంబర్ కూలీ, సిమెంటు, వేస్ట్ పైపు కలిపి రూ. 900, కొత్త మిక్సర్ కొళాయి రూ. 1,500. పాత కొళాయి బాగానే ఉంది, మార్చడం ఓనరు ఇష్టం. అది తీసేయాలి. సిరామిక్ బేసిన్‌కు ఇరవై ఏళ్ల ఆయుష్షు అనుకుంటే ఎనిమిది అయిపోయాయి, పన్నెండు మిగిలాయి. రూ. 3,000లో 60 శాతం, రూ. 1,800. కూలీకి తరుగుదల వేయలేదు, ఎందుకంటే సీసా పడకపోతే ఇప్పుడు ఆ కూలీ ఖర్చే ఉండదు. మొత్తం రూ. 2,700.

ఆయుష్షు ఎన్నేళ్లన్నది చట్టంలో ఎక్కడా రాసి లేదు. ఇరుపక్షాలు ఒప్పుకునే అంచనా మీద నడవాలి. అంచనా వేయడమే ఇష్టంలేక పూర్తి ధర అడిగితే, ఎదుటివారు సున్నా అంటారు. ఇలాంటి బేరాలు అక్కడే ఆగిపోతాయి.

దోమల జాలీల్లో ఒకటి పిల్లవాడి బంతి తగిలి చిరిగింది. రెండోది పడమటి ఎండకు పెళుసెక్కి అంచుల్లో ఊడిపోయింది. రెండోది అరుగుదల. మొదటిదాని విలువ రూ. 2,100. కుటుంబం దిగే ముందే కొత్తగా వేయించినట్టు ఓనరు బిల్లు చూపించారు. ఈ కేసులో ఆయన దగ్గరున్న అత్యంత పనికొచ్చే కాగితం అదే. అయిదేళ్ల ఆయుష్షులో, అంటే 60 నెలల్లో, 33 నెలలు వాడారు. మిగిలిన 27 నెలలకు 45 శాతం, రూ. 945.

రంధ్రాలు, శుభ్రం

కర్టెన్ రాడ్లు, క్యాలెండరు మేకులు కాపురమన్నాక ఉంటాయి. టీవీ స్టాండుకు వేసిన ఆరు డ్రిల్ రంధ్రాలు మాత్రం అద్దెదారు పూడ్చాల్సినవే. అయితే పెయింటర్ బిల్లులోనే ‘పుట్టీ టచప్’ అని ఉంది. గోడకు పుట్టీ పెట్టిన ఖర్చు ఒకసారి పెయింటింగ్‌లో, ఇంకోసారి రంధ్రాల కింద వేశారు. రెండోసారి వేసింది నిలవదు. రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చదివితే గానీ ఇది కనబడదు.

ఏసీ పైపు కోసం గోడకు వేసిన కోర్ కటింగ్ వేరే విషయం. ‘ఏసీ పెట్టుకోండి’ అని ఓనరు అనుమతించారు కాబట్టి రంధ్రం వేయడం తప్పు కాదు. కానీ 108వ సెక్షన్ హెచ్ క్లాజు ప్రకారం అద్దెదారు బిగించుకున్నవి తీసుకుపోవచ్చు, ఇల్లు తీసుకున్నప్పటి స్థితిలోనే వదలాలి. ఏసీ తీసుకెళ్లారు, రంధ్రం వదిలేశారు. బయటివైపు నుంచి వాన రాకుండా సిమెంటుతో మూయడానికి రూ. 800. ఇది న్యాయమైన కోతే.

డీప్ క్లీనింగ్ రూ. 6,500కు అగ్రిమెంటులో ఆధారం లేదు. బాత్రూం టైల్స్ మీద, షవర్ అద్దం మీద తెల్లటి ఉప్పు మరకలు బోరు నీళ్లవి. వంటగదిలో పొయ్యి వెనక టైల్స్ మీద, చిమ్నీ జాలీలో పేరుకున్న నూనె జిడ్డు మాత్రం వాడకం కాదు, తుడవకపోవడం. క్లీనింగ్ కంపెనీ రేటు కార్డులో వంటగది ఒక్కటే రూ. 1,500. అంతవరకు నిలుస్తుంది.

కరెంటు, ఏసీడీ, మెయింటెనెన్సు

31న తాళాలిచ్చారు, మీటరు రీడింగ్ తీసింది తర్వాతి నెల 9న. మధ్యలో పెయింటర్లు ఫ్యాన్లు, లైట్లు, మోటారు వాడారు. మొత్తం 330 యూనిట్లకు రూ. 2,200 వచ్చింది. కుటుంబం వెళ్లే రోజు మీటరు ఫొటో తీసి పెట్టుకుంది. దాని ప్రకారం వాళ్ల వాటా 264 యూనిట్లు, 80 శాతం, రూ. 1,760. అసలు స్లాబుల ప్రకారం చూస్తే తర్వాతి యూనిట్లే పై స్లాబులో పడ్డాయి కాబట్టి వాళ్ల వాటా ఇంకా తగ్గాలి. తేడా చిన్నది, వదిలేశారు.

ఏసీడీ విషయంలో రెండు వైపులా పొరపాటు ఎక్కువ. అడిషనల్ కన్సంప్షన్ డిపాజిట్ వాడుకున్న కరెంటు ధర కాదు. వాడకం పెరిగితే డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, కనెక్షన్ మీద అదనంగా అడిగే డిపాజిట్. అది సర్వీసు ఎవరి పేరున ఉందో వారి ఖాతాలో ఉంటుంది. అద్దెదారు వెళ్లిపోయినా డబ్బు ఓనరుదిగానే మిగులుతుంది. కాబట్టి కొత్తగా వచ్చిన రూ. 1,800 కోయడానికి లేదు. అంతేకాదు, రెండేళ్ల కిందటి బిల్లులో కలిసి వచ్చిన రూ. 1,200 ఏసీడీని కుటుంబం గమనించకుండా కట్టేసింది. పాత బిల్లులు తీసి చూపిస్తే ఓనరు దాన్ని అద్దెదారు ఖాతాలో జమ వేశారు.

చివరి నెల మెయింటెనెన్సు రూ. 3,500 కట్టాల్సిందే, మాటలేదు.

లెక్క ఎక్కడ తేలింది

నిలిచిన పద్దులు: పెయింటింగ్ 19,500, నోటీసు 5,600, మెయింటెనెన్సు 3,500, బేసిన్ 2,700, కరెంటు 1,760, వంటగది శుభ్రం 1,500, జాలీ 945, ఏసీ రంధ్రం 800. మొత్తం రూ. 36,305. ఏసీడీ జమ రూ. 1,200 తీసేస్తే రూ. 35,105. అడ్వాన్సు 56,000లోంచి తిరిగి రావాల్సింది రూ. 20,895. ఎదురు కట్టమన్న రూ. 22,400 దగ్గర మొదలై ఇక్కడ తేలింది. కోర్టు మెట్లెక్కకుండానే.

అది ఎలా జరిగిందో వరసగా చెప్పుకోవాలి. దిగిన రోజున కుటుంబం గది గదికీ తిరుగుతూ తీసిన వీడియో ఉంది. కొళాయిలు తిప్పి, స్విచ్చులు వేసి, గోడ మరకల దగ్గర ఆగి తీసి, అదే రోజు ఓనరుకు పంపింది. ఆయన చూసినట్టు నీలం టిక్కులు ఉన్నాయి. నష్టం జరిగిందనేవారే రుజువు చేయాలి, ఓనరు దగ్గర దిగిన నాటి స్థితి చూపే ఫొటో ఒక్కటీ లేదు. వీడియోలు, వాట్సాప్ మాటలు కోర్టుకు వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. పాత చట్టంలో 65బి అనేవారు, అదే. అందుకే ఫోను మార్చినా అసలు ఫైళ్లు చెరిపేయకూడదు. వాట్సాప్‌లో కుదించిపోయిన కాపీ ఒక్కటే మిగిలితే తేదీల దగ్గర ఇబ్బంది వస్తుంది.

తర్వాత ఫోన్లు ఆపి, ఒక లేఖ రాశారు. ప్రతి పద్దుకూ మూడు గళ్లు: ఓనరు అడిగింది, ఒప్పుకునేది, కారణం. ఒప్పుకునే వాటిని ముందే ఒప్పుకోవడం ఈ లేఖకు బలం. అన్నీ కాదంటే ఎదుటివారు అసలు చదవరు. పదిహేను రోజుల గడువు పెట్టి, ఆ తర్వాత వడ్డీ అడుగుతామని రాశారు. 1978 వడ్డీ చట్టం ప్రకారం, రాసి పంపిన నోటీసులో వడ్డీ కోరితే ఆ తేదీ నుంచి కోర్టు వడ్డీ వేయవచ్చు. ఫోనులో అడిగితే ఆ లాభం లేదు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ వివరం దాచుకున్నారు.

ఓనరు ఒప్పుకోకపోతే తర్వాతి మెట్టు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. కొండాపూర్ రంగారెడ్డి జిల్లా కిందికి వస్తుంది. దావా వేయకముందే లోక్ అదాలత్ ముందు పెట్టమని అర్జీ ఇవ్వవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు లేదు. ఎదుటి పక్షం రాకపోతే, ఒప్పుకోకపోతే ఏమీ జరగదు, అదే దాని పరిమితి. ఆ పైన మిగిలేది సివిల్ దావా. మూడేళ్ల లోపు వేయాలి. పోలీసు స్టేషనుకు వెళ్తే ఇది సివిల్ తగాదా అంటారు, అది నిజమే. ఆ దారిలో కాలం పోగొట్టుకోవద్దు.

చివరి రెండు నెలలు అద్దె ఆపేసి అడ్వాన్సులో సరిపెట్టుకోవడం చాలామంది చేసే పని. ఈ కుటుంబం చేయలేదు. చేసి ఉంటే నోటీసు, పెయింటింగ్, బేసిన్ బాకీలన్నీ ఓనరు వసూలు చేసుకోవాల్సిన స్థితిలో పడేవారు, ఒప్పందం తప్పినవారు అద్దెదారే అయ్యేవారు. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు కట్టినవారికి ఆ భయం అర్థం చేసుకోదగిందే. హైదరాబాద్‌లో రెండు నెలల అడ్వాన్సుకు ఆ అవసరం తక్కువ.

డబ్బు బ్యాంకు ఖాతాకు వచ్చాక ఇరువురూ ఒక కాగితం మీద సంతకాలు చేశారు: తాళాలు అందిన తేదీ, అడ్వాన్సు మొత్తం, కోసిన పద్దులు ఒక్కొక్కటీ, తిరిగిచ్చిన మొత్తం, ఇక ఎవరికీ ఎవరూ బాకీ లేరన్న మాట. డబ్బు రాకముందే ఆ చివరి వాక్యం కింద సంతకం పెట్టకూడదు. చాలామంది తొందరలో పెడతారు.

కొత్త ఇంటి అగ్రిమెంటులో ఆ కుటుంబం రాయించుకున్న క్లాజులు నాలుగు. పెయింటింగ్: లోపలి గోడలకు మాత్రమే, బిల్లు మీద, అర నెల అద్దెకు మించకుండా, రెండేళ్లు దాటి ఉంటే లేదు. నోటీసు: ఒక నెల, ఈలోగా కొత్తవారు చేరితే ఆ రోజు నుంచి అద్దె ఆగిపోతుంది. అడ్వాన్సు: తాళాలిచ్చిన పదిహేను రోజుల్లో, కోతలుంటే బిల్లులతో సహా. ఏసీడీ: ఓనరుదే, అద్దెదారు కడితే తర్వాతి నెల అద్దెలో తగ్గించుకోవచ్చు. వాటి వెనకే అనుబంధంగా ప్రతి గదిలోని సామాను జాబితా, గీజర్ తయారైన నెల, మీటరు రీడింగు, ఇద్దరి సంతకాలు.